కుడివైపుకే నడిచే బొమ్మ

ఆటను గురించి పెద్దలు గంభీరంగా మాట్లాడడం మర్యాద కాదనే అభిప్రాయం తెలుగునాట బలంగా పాతుకొని ఉన్నది. అందులోనూ బడిపంతులు ఆటను గురించి, అదీ టెలివిజన్ తెరమీద ఆడే వీడియో గేమును గురించి మాట్లాడితే వినేవారు నవ్వుతారు. ఐనా అనంతపురం పీఠభూమిలో ఈవేళ పాఠాలు చెబుతున్న నడివయస్సు ఉపాధ్యాయులలోను, బిడ్డలను బడికి పంపుతున్న తల్లిదండ్రులలోను చిన్ననాడు ఆ ఆటను ఆడినవారు లేకపోలేదు. 1985 సెప్టెంబరు 13వ తేదీన జపాను దేశంలో వెలువడిన సూపర్ మారియో బ్రదర్స్ అనే ఆటకు 2025లో 40 ఏండ్లు నిండినవి. నాటి బాలురు నేడు తమ పిల్లల పక్కన కూర్చుండి దానిని మళ్లీ ఆడి చూస్తున్నారు. చిన్ననాటి ముచ్చట తీర్చుకొని లేచిపోవచ్చును. కాని ఆ ఆట ఏమి నేర్పినది, ఏమి నేర్పలేకపోయినది అని కాసేపు విచారించడం ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారికి నష్టం కలిగించే పని కాదు.

ఆట స్వరూపం తెలియనివారికి రెండు మాటలు. టోపీ, మీసము గల ఒక పొట్టి మనిషి తెరకు ఎడమవైపున నిలబడి ఉంటాడు. పేరు మారియో. వానిని కుడివైపుకు నడిపించవలెను. దూకడం వాని ముఖ్య విద్య. గోతులను దూకి దాటవలెను; ఎదురువచ్చే శత్రువుల నెత్తిమీదికి దూకి వారిని అణచవలెను; పైనున్న ఇటుకలను తలతో కొట్టవలెను. వాడు నడిచినకొద్దీ తెర పక్కకు జరుగుతూ కొత్త నేలను చూపుతుంది. మొత్తం 8 లోకాలు, ఒక్కొక్క లోకంలో 4 ఘట్టాలు, వెరసి 32. ఆఖరి కోటలో రాక్షసుని చెరలో ఒక రాకుమారి ఉన్నది. కథ ఇంతే. కథకోసం ఎవరూ దీనిని ఆడలేదు.

దీనిని కూర్చిన షిగెరు మియామోతో, తకాషి తెజుకాలకు దొరికిన చోటు మొత్తం 40 కిలోబైట్లు. నేటి సెల్ ఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రం అంతకు ఎన్నో రెట్ల చోటు తీసుకొంటుంది. అంత ఇరుకులో 32 ఘట్టాలను, శత్రుగణాన్ని, సంగీతాన్ని ఇమిడ్చినారు. ఎట్లు ఇమిడ్చినారో తెలుసుకొంటే ముచ్చట వేస్తుంది. ఆకాశంలోని మేఘము, నేలమీది పొద ఒకే బొమ్మ. ఒకదానికి తెలుపు, మరొకదానికి పచ్చదనం పూసినారు. ఇన్నేండ్లు ఆడినవారిలో కూడా చాలామంది ఆ సంగతి గమనించలేదు. మారియో అంతకు ముందే, 1981లో, డాంకీ కాంగ్ అనే ఆటలో కనిపించినాడు. కొద్దిపాటి చుక్కలతో జుట్టు గీయడం కష్టమని వానికి టోపీ పెట్టినారు. నోరు గీయడం కష్టమని మీసం పెట్టినారు. ఈనాడు లోకమంతా గుర్తుపట్టే ఆ ముఖము లేమి గీసిన ముఖము. కోజి కొండో కూర్చిన బాణీ కూడ అట్టిదే. ఆ బాణీలో ఒకేసారి మూడు స్వరాలను, ఒక చప్పుడును మించి వాడలేదు. ఆ నాలుగింటితో కట్టిన బాణీని అమెరికా దేశపు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2023లో భద్రపరచదగిన ధ్వనిముద్రణల పట్టికలో చేర్చినది. వీడియో గేముల సంగీతంలో ఆ పట్టిక కెక్కిన మొదటిది అదే. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో, ఆ వాన కూడ వేళకు రాని ఎర్రనేలలో, వేరుసెనగ పండించుకొనే సీమకు ఉన్నదానితో గడుపుకొనడం ఎవరూ వేరే నేర్పనక్కరలేదు. అందుచేతనేమో, ఈ ఆటలోని పొదుపు అక్కడివారికి త్వరగా అర్థమౌతుంది.

ఇది ఆ సీమకు చేరిన తీరు వేరొక కథ. నింటెండో కంపెనీ తన ఆటపెట్టెను జపానులో 1983లో విడుదల చేసినది. ఆ కంపెనీ 1889లో క్యోటో నగరంలో పూలబొమ్మల పేకముక్కలు తయారుచేసే దుకాణంగా పుట్టినదన్నది వేరే విశేషం. భారతదేశపు చిన్న పట్టణాలకు 1990ల దశకంలో వచ్చినవి చాలావరకు దాని నకళ్లు. పిల్లలు 'క్యాసెట్' అని పిలుచుకొన్న పలక మీద వేలకొద్దీ ఆటలున్నట్లు అంకె వేసి ఉండేది. పెట్టి చూస్తే పట్టుమని పదో ఇరవయ్యో ఆటలు, పేర్లు మార్చుకొని మళ్లీమళ్లీ వచ్చేవి. కాని వాటిలో మారియో తప్పక ఉండేవాడు.

ఆ ఆటలో సగం ఆడి నిలువ చేసుకొని మరునాడు కొనసాగించే సౌకర్యం లేదు. కరెంటు పోతే మారియో కూడ పోయినట్లే. తిరిగి వచ్చిన తరువాత మొదటి లోకం, మొదటి ఘట్టం. కరెంటు కోతల కాలంలో పెరిగిన పిల్లలకు ఆ ఆటలోని మొదటి ఘట్టం ఎక్కాలకంటె బాగా కంఠస్థమైనది. ఎనిమిదవ లోకం పుకారుగానే మిగిలిపోయినది. ప్రాణాలన్నీ పోయిన తరువాత కూడ ఒక బొత్తాం నొక్కిపట్టి మొదలుపెడితే చేరిన లోకం నుంచే సాగించవచ్చునన్న రహస్యం ఆటలో ఉన్నది. దానిని ఎంతమందికి ఎవరు చెప్పినారు? పుస్తకం రాని పెట్టెతో ఆ రహస్యమూ రాలేదు. పలక ఎవరి చేతిలో ఉండేదన్నది కూడ తలచుకోవలసిన సంగతే. ఎక్కువ ఇళ్లలో అన్న ఆడేవాడు, చెల్లెలు చూసేది. తెరమీద రాకుమారికి కూడ చేయడానికి ఏ పనీ లేదు.

ఇక ఆ మొదటి ఘట్టాన్నే నిదానంగా పరిశీలించవలెను. ఉపాధ్యాయులకు పనికివచ్చే సరుకంతా అందులోనే ఉన్నది. ఆట మొదలుకాగానే మారియో ఎడమ అంచుకు దగ్గరగా కుడివైపుకు తిరిగి నిలబడి ఉంటాడు. ఎదుట నేలంతా ఖాళీ. 'కుడివైపుకు నడువుము' అని ఎక్కడా వ్రాసి లేదు. వ్రాయవలసిన అవసరం లేకుండా బొమ్మను నిలిపినారు. నాలుగడుగులు వేయగానే ప్రశ్నార్థకపు గుర్తుతో మిలమిల మెరిసే ఒక పెట్టె పైన కనిపిస్తుంది. అదే సమయానికి గూంబా అనే గోధుమరంగు శత్రువు కింద ఎదురుగా నడిచి వస్తుంది. తగిలితే మారియో చనిపోతాడు. కాని అప్పటికి ఆట మొదలై కొద్ది సెకనులు మాత్రమే అయినది గనుక పోయినది ఏమీ లేదు; అడుగు దూరంలో మళ్లీ మొదలు. రెండవసారి బాలుడు భయంతో దూకుతాడు. శత్రువు మీద పడితే అది అణగిపోతుంది. తల పెట్టెకు తగిలితే నాణెము వస్తుంది. రెండు పాఠాలూ ఒకే చోట, ఒకే భయంతో వచ్చినవి.

తరువాతి పెట్టెలోనుంచి పుట్టగొడుగు వస్తుంది. ఇంతకుముందు శత్రువును చూచినవాడు దానిని చూచి కూడ జంకవచ్చును. ఆటను కూర్చినవారు ఆ జంకును ముందే ఊహించినారు. పుట్టగొడుగు కుడివైపుకు పోయి, అడ్డంగా ఉన్న గొట్టానికి కొట్టుకొని, మారియో వైపుకే తిరిగి వస్తుంది. తప్పించుకొనవలెనని దూకినా తలపైని ఇటుకలు అడ్డుతగిలి అది సులభంగా సాగదు. తగిలిన మరుక్షణం మారియో పెద్దవాడౌతాడు. మేలుచేసే వస్తువులు కూడ ఉంటాయన్న సంగతి అప్పుడు తెలుస్తుంది. మియామోతోయే తరువాతి కాలంలో ఈ మొదటి తెర అమరికను విలేకరులకు వివరించినాడు. ఇది తలవని తలంపుగా కుదిరిన పని కాదు.

ఇంకొకటి ఉన్నది. ఘట్టం చివరకు వచ్చేసరికి ఎదురెదురుగా రెండు మెట్ల వరుసలు వస్తాయి. వాటి మధ్య గట్టి నేల. దూకడం తప్పినా పడేది నేలమీదనే. దాటి కొంచెం పోతే అటువంటివే రెండు మెట్ల వరుసలు. ఈసారి నడుమ గొయ్యి. అంటే అపాయం లేనిచోట ఒకసారి దూకించి, తరువాతనే అపాయం పెట్టినారు. సైకిలు నేర్పే తండ్రి, ఈత నేర్పే మామ చేసే పని ఇదే. బావిలో దిగే ముందు నడుముకు బెండు కట్టినవానికి ఈ విద్య కొత్తది కాదు. అది తరగతి గదిలో కనిపించకపోవడమే వింత. అక్కడ మొదట నిర్వచనం, తరువాత సూత్రం, ఆ తరువాత ఎప్పుడో వీలైతే వస్తువు. గొయ్యి ఎట్లుంటుందో చూడకముందే గొయ్యికి నిర్వచనం వల్లెవేసిన పిల్లవాడు పరీక్షలో పది మార్కులు తెచ్చుకొని, పొలంగట్టున కాలు జారుతాడు. తప్పు చేసినపుడు ఈ ఆట క్షణంలో తప్పని చెబుతుంది, కాని నలుగురిలో నిలబెట్టి అవమానించదు. ఈ ఒక్క గుణం కోసమైనా ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలలో ఆ మొదటి ఘట్టాన్ని ఒకసారి ఆడించవచ్చును.

ఇంతవరకు పొగడ్త. దీనికి ఎదురుగా చెప్పవలసినది కూడ తక్కువ లేదు.

తెల్లని గుడ్డమీద పక్కకు తిరిగిన బొమ్మలు నడవడం అనంతపురం సీమకు జపానువారు నేర్పినది కాదు. ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట గ్రామం తోలుబొమ్మలాటకు ప్రసిద్ధి. 2022లో జిల్లా విడిపోయిన తరువాత అది శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. ఆ గ్రామపు కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారం వచ్చినది. మేకతోలును పలచగా గీసి, చిల్లులు పొడిచి, రంగులు వేసి, కీళ్లు కుట్టి, వెనుక దీపం పెట్టి గుడ్డకు ఆనిస్తే, బొమ్మ ముఖమూ నడకా పక్కనుంచే తెలుస్తాయి. పక్కనుంచి చూచే లోకానికి లోతు లేదు, పొడుగే ఉన్నది. ఆ పరిమితిని తోలుబొమ్మవాడు, మియామోతో ఇద్దరూ సొంతం చేసుకొన్నారు. లేపాక్షి మంటపపు కప్పుమీద 16వ శతాబ్దంలో చిత్రకారులు కథలను పొడుగాటి పట్టీలుగా గీసినపుడు కూడ చూచేవాడే తల ఎత్తుకొని పక్కకు జరుగుతూ పోవలసి వచ్చినది.

భేదం మాత్రం గట్టిది. తోలుబొమ్మలాటలో తెర కదలదు. బొమ్మలు వచ్చి పోతాయి. మారియో ఆటలో బొమ్మ ఇంచుమించు తెర నడుమనే ఉంటుంది. లోకమే ఎడమవైపుకు జారిపోతుంది. అంతకంటె ముఖ్యమైన భేదం మాటలో ఉన్నది. రామాయణం నడుమ కేతిగాడు, బంగారక్క ప్రవేశించినారంటే ఆ ఊరి సంగతులే మాట్లాడతారు. ఎదుట కూర్చున్నవారిని చూచి, వాన రాలేదని ఎగతాళి చేస్తారు, కరణాన్ని దెప్పుతారు, నిద్రపోయినవాణ్ణి లేపుతారు. మారియోకు ఎదుట ఎవరు కూర్చున్నారో తెలియదు. క్యోటోలోని బాలునికి, కళ్యాణదుర్గంలోని బాలునికి ఆ గూంబా అదే చోట, అదే క్షణంలో వస్తుంది. యంత్రపు న్యాయబుద్ధి అది. యంత్రపు గుడ్డితనం కూడ అదే. నిమ్మలకుంటలోని కుటుంబాలు చాలావరకు ఆట కట్టిపెట్టి, అదే తోలుతో దీపపు గూళ్లు, గోడబొమ్మలు చేసి బ్రతుకుతున్నవి. ఆ చేతిపనికి గిరాకి ఉండడం సంతోషమే. కాని తెరవెనుక పాడే గొంతును దీపపు గూడులో పెట్టి అమ్మడం సాధ్యం కాదు.

రెండవ ఆక్షేపణ ఇంకా పెద్దది. మొదటి సూపర్ మారియో బ్రదర్స్ ఆటలో తెర ఎడమవైపుకు తిరిగి రాదు. దాటివచ్చిన నేలమీద విడిచిన నాణెమును చూచి వెనుకకు పోవలెనని ప్రయత్నిస్తే కనబడని గోడ ఒకటి అడ్డుతగులుతుంది. మీదుమిక్కిలి పైన గడియారం. అందులో 400 అని చూపేది సెకనులు కావు. అవి సెకనులకంటె వేగంగా తరిగిపోతాయి. నూటికి దిగగానే సంగీతం పరుగెత్తుతుంది. ఉపాధ్యాయునికి ఈ బాధ ఎక్కడో అనుభవమైనట్లే తోచవలెను. జనవరి నెలలో 'పోర్షన్' పూర్తికాలేదని పై అధికారి అడిగినపుడు తరగతి గదిలో జరిగేది ఇదే. భిన్నాలు అర్థం కాని పిల్లవాడు బీజగణితంలోకి నెట్టబడతాడు. వెనుకకు పోదామంటే గోడ. వేరుసెనగ పీకే రోజులలో నెల్లాళ్లు బడి మానిన పిల్లకు, తల్లిదండ్రులతో బెంగుళూరు కూలిపనికి పోయి ఉగాదికి తిరిగి వచ్చిన పిల్లవానికి, విడిచిన పాఠం తెరకు ఎడమవైపున ఎక్కడో ఉండిపోతుంది. ఆ సీమలో మనుష్యులు పోవడము, రావడము రెండూ చేస్తారు. పోవడం ఒక్కటే తెలిసిన ఆటలో వారి జీవితం సగమే ఇముడుతుంది.

ఈ లోపాన్ని కంపెనీ తానే దిద్దుకొన్నది. 1988లో జపానులో వెలువడిన మూడవ ఆటలో చాలాచోట్ల తెర వెనుకకు కూడ జరుగుతుంది. ఆటలు చేసేవారికి మూడేండ్లలో పట్టుబడిన ఈ సంగతి పాఠ్యప్రణాళికలు చేసేవారికి ఎందుకు పట్టుబడదో తెలియదు.

మారియో ఒక కోటను గెలుస్తాడు. లోపల ఉన్నది రాకుమారి కాదు, ఆమె పరివారంలోనివాడు. ఆమె వేరొక కోటలో ఉన్నదని వాడు చెబుతాడు. ఇట్లు ఏడుసార్లు జరిగిన తరువాతగాని ఎనిమిదవ కోటలో ఆమె కనబడదు. అనంతపురం రైతు ఏటేటా విత్తనం వేసి, వాన వచ్చే ఏడు వస్తుందని వినడంతో దీనిని పోల్చాలనిపిస్తుంది. పోల్చడం చెవికి ఇంపుగానే ఉంటుంది, కాని న్యాయం కాదు. ఎనిమిదవ కోటలో రాకుమారి ఉండి తీరుతుంది. ఆటను కూర్చినవాడు ఆమెను అక్కడ ముందే పెట్టి ఉంచినాడు. మేఘానికి అట్టి మాట ఇచ్చినవాడు ఎవడూ లేడు.

ఐనా ఆ ఆటకు ముగింపు ఉన్నదన్న సంగతిని తేలికగా తీసివేయరాదు. నేడు పిల్లల చేతిలోని ఫోనులో ఉన్న ఆటలలో అనేకం ముగియవు. ముగియకుండా చేయడమే వాటిని చేసేవారి నేర్పు. ఊరకనే ఇస్తున్నట్లు ఇచ్చి, దారి మధ్యలో డబ్బు అడుగుతాయి. మారియో ఏరుకొనే నాణెములు తెరలోనివే. నూరు పోగైతే ఒక ప్రాణం వస్తుంది. తండ్రి జేబుతో వాటికి సంబంధం లేదు. డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటల సంగతి చెప్పనే అక్కరలేదు. వాటిని తెలంగాణ రాష్ట్రం 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను నిషేధించినవి; 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసినది. అప్పుచేసి పైరు పెట్టే ఇండ్లలో ఆ జూదం ఏమి చేయగలదో ఊహించడానికి గొప్ప తెలివి అక్కరలేదు గనుక ఆ చట్టాలను తప్పుపట్టనక్కరలేదు. కాని చట్టం చేసేది నిషేధం ఒక్కటే. ఏ ఆట ఎట్టిదో చెప్పగలిగే వివేకం బడిలోనే పుట్టవలెను. ఆటలన్నీ ఒకటేనని కొట్టిపారవేసే ఉపాధ్యాయుని మాటను పిల్లలు వినరు. ఎందుచేతనంటే అవి ఒకటి కావని వారికి తెలుసును. ఒకప్పుడు నవలలన్నీ చెడ్డవని, ఆ తరువాత సినిమాలన్నీ చెడ్డవని చెప్పిన పెద్దల మాటకు పట్టిన గతియే దీనికీ పడుతుంది. చెడ్డ నవలను చెడ్డదని చెప్పడానికి మంచి నవలను చదివి ఉండవలెను గదా.

మియామోతో, తెజుకాలు ఆ ఘట్టాలను మొదట గళ్ల కాగితం మీద గీసినారు. కనుక ఈ విద్యకు బడిలో కంప్యూటరు గది తెరువనక్కరలేదు, కరెంటు కూడ అక్కరలేదు. తొమ్మిదవ తరగతి పిల్లలవద్ద గ్రాఫు పుస్తకం ఎట్లాగు ఉంటుంది. పదహారు గళ్ల పొడుగు, పదహారు గళ్ల వెడల్పులో, మూడే రంగులతో ఒక మనిషిని గీయమనవచ్చును. ముక్కు ఏ గడిలో వేయాలో, ఏ గడి వదలివేయాలో అక్కడ తేల్చుకొంటారు. తరువాత కాగితాలను పక్కపక్కన అతికించి నేల గీయమనవలెను. వారు గీసేది పచ్చగొట్టాల దేశం కాకపోవచ్చును. ఎండిన వంక, తెగిన చెరువుకట్ట, పాడుబావి, పెన్న ఇసుక, గుండ్ల గుట్ట ఉండవచ్చును. మొదటి కాగితంలో దూకడం నేర్పి, రెండవ కాగితంలో గొయ్యి పెట్టవలెనన్న నియమం ఒక్కటి చాలును. ఎదురువచ్చే శత్రువు ఎవరు? పైనున్న పెట్టెలో ఏముండవలెను? వెనుకకు రావడానికి వీలు ఉంచాలా, వద్దా? పిల్లలు దీనిమీద కొట్లాడుకొంటారు. ఆ కొట్లాట గంట కొట్టిన తరువాత కూడ సాగితే, ప్రధానోపాధ్యాయుడు ఆ పూటకు గంటను మరచిపోయినా ఫరవాలేదు.